రెండో శనివారం బండి: చప్పుడు ఎక్కడ ఆగుతుంది?

క్రిందటి సంచికలో నా మోటారు సైకిలు కసారా ఘాటు ఎక్కలేక మొరాయించిన వైనం చదివి, దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చెయ్యమని కొందరు పాఠకులు సలహా ఇచ్చారు. వారికి నమస్కారం. బండి ఇంకా నా దగ్గరే ఉంది.

ఈసారి ప్రయాణానికి కారకుడు మా బావమరిది. కరీంనగర్ నుంచి వచ్చి మా పద్మానగర్‌లో రెండు రాత్రులు పడుకున్నాడు, అంటే పడుకోలేదు. మూడోనాడు పొద్దున్నే ఎర్రటి కళ్ళతో, "బావా, ఈ సాంచాల చప్పుడు ఎక్కడిదాకా ఉంటది?" అనడిగాడు. భివండీలో ఇన్నేళ్ళు కాపురం చేసీ నా దగ్గర జవాబు లేదు. ఎవరి అప్పు ఎంత మిగిలిందో చెప్పగలను గాని, చప్పుడుకు పొలిమేర ఎవరు కొలిచారు?

రెండో శనివారం వచ్చింది. బ్యాంకుకు సెలవు, సాంచాలకు లేదు. వాడా రోడ్డు మీదుగా వజ్రేశ్వరి దాకా వెళ్ళడం, దారిలో అక్కడక్కడా ఇంజను ఆపి వినడం, మీటరు అంకె చిన్న పుస్తకంలో రాసుకోవడం, ఇదీ పథకం. కామర్సు చదివినవాడికి పుస్తకంలో ఎక్కనిది జరిగినట్టే కాదు. వెనక సీటు మీద మా పక్కింటి మామ. నలభై ఏళ్ళు సాంచాలు నడిపి ఈమధ్యే మానుకున్నాడు. ఆయనకు నా పరిశోధనతో నిమిత్తం లేదు, వజ్రేశ్వరి వేడినీళ్ళలో మోకాళ్ళు పెట్టుకోవాలి, అంతే.

నదీ నాకా దగ్గర ఆపాను. లారీల మోత కింద కూడా టకటకా వినబడుతూనే ఉంది. శేలార్‌లోనూ అంతే. ఆ తర్వాత గుంతలు, కంటైనర్లు, గోదాములు. దారి పొడుగునా మామకు వజ్రేశ్వరి గుడి కథ చెబుతూ వచ్చాను: పీష్వా తమ్ముడు చిమాజీ అప్పా వసయీ కోట గెలిస్తే గుడి కట్టిస్తానని మొక్కుకోవడం, 1739లో పోర్చుగీసుల నుంచి కోట చేజిక్కడం, గుడి లేవడం. మామ వెనక నుంచి "ఊ", "ఊ" అంటూనే ఉన్నాడు. ఇంత మంచి శ్రోత మా ఇంట్లో నాకెన్నడూ దొరకలేదు.

12వ కిలోమీటరు దాటాక వరి మడుల మధ్య ఇంజను ఆపాను. పిట్ట కూత తప్ప ఏమీ లేదు. పుస్తకం తీసి, "ఇక్కడితో ఆగిపోయింది మామా!" అన్నాను, ఆయన వైపు తిరిగి.

"యాడ ఆగింది సారూ? వస్తనే ఉంది గదా" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. తరవాత నా చెవుల మీదే అనుమానం వచ్చి మరో నిమిషం విన్నాను. పిట్టే.

అంబాడీ దగ్గర ఎడమకు తిరిగి వజ్రేశ్వరి చేరాం. 52 మెట్లూ మోకాళ్ళు పట్టుకొని ఎక్కి, దండం పెట్టుకొని, మామ తీరుబడిగా అడిగాడు: "ఈ గుడి ఎవలు కట్టిచ్చిండ్రు సారూ?"

అప్పుడు కూడా నాకు తెలివి రాలేదు. గంటసేపు చెప్పిన కథ నీళ్ళపాలయిందని మనసులో విసుక్కున్నాను. కుండంలో నడుం దాకా దిగి ఆయన కళ్ళు మూసుకొని ఉన్నప్పుడు, భుజం తట్టి అడిగాను: "ఇక్కడ?"

"ఈడ గూడ ఉంది. ఊరికి పోయినా ఉంటది. రాత్రి పండుకుంటే ఇంకింత ఎక్కువైతది. నాకు సాంచ బంద్ గాలె సారూ."

సాంచా షెడ్డులోకి వెళ్ళినవారికి తెలుసు. నాడెను కర్ర కొట్టే ప్రతి దెబ్బా ఒక పిడుగు, నిమిషానికి అలాంటివి వందకు పైన, ఒక్కో షెడ్డులో ఎన్నో సాంచాలు, 12 గంటల షిఫ్టు. చప్పుడు 90 డెసిబెళ్ళు సులువుగా దాటుతుంది. ఏళ్ళ తరబడి ఆ మోతలో ఉంటే లోపలి చెవిలో సన్నని కణాలు చస్తాయి, మళ్ళీ మొలవవు. వినికిడి పోతుంది, మోత మిగులుతుంది. ఇంగ్లండులో లాంకషైర్ నేతగత్తెలు షెడ్డులో పెదవులు సాగదీసి, సైగలతో మాట్లాడుకునేవారట. దానికి 'మీ-మాయింగ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. మన దేశపు మాంచెస్టర్ అనిపించుకున్న భివండీలో మాత్రం దానికి పేరు పెట్టినవాళ్ళు లేరు. ఉన్నదల్లా గట్టిగా అరిచే ముసలివాళ్ళు.

ఆ అరుపు నాకు కొత్తది కాదు. మామ ఎప్పుడు బ్యాంకుకు వచ్చినా కౌంటరు దగ్గర "నా ఖాతాల ఎన్ని పైసలున్నయి?" అని బ్రాంచి దద్దరిల్లేలా అడిగేవాడు. ఓసారి నేనే, "నెమ్మదిగా మామా, ఇది బ్యాంకు, బజారు కాదు" అని కసిరాను. నలుగురూ నవ్వారు. ఆయన జవాబు చెప్పకుండా నా మూతి వంకే చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడు మాట్లాడినా అలాగే చూస్తాడు. నా మీసం ఒకవైపు పొట్టిగా ఉందేమోనని ఎన్నిసార్లు అద్దంలో చూసుకున్నానో! ఆయన చూసింది మీసం కాదు, దాని కింద కదిలే పెదవుల్ని.

తిరుగు ప్రయాణంలో నేను నోరెత్తలేదు. పుస్తకంలో 12వ కిలోమీటరు పక్కన రాసిన 'సమాప్తం' కొట్టేశాను. శేలార్ దగ్గర టకటక మళ్ళీ మొదలైంది. నాకు.

సోమవారం నుంచి మామ వస్తే మా క్యాషియరు నిల్వ చీటీ మీద రాసి చూపిస్తున్నాడు. మామ కొడుకు కూడా సాంచాల మీదే ఉన్నాడు. చెవుల్లో దూది పెట్టుకుంటున్నానంటాడు గాని, దూది ఆ మోతను అంతగా ఆపదు. ఇయర్ ప్లగ్గులు రెండు జతలు కొనిచ్చాను. ఒక జత పెట్టుకున్నాడు. రెండోది మా బావమరిది తీసుకున్నాడు.

వచ్చే రెండో శనివారం బండి ఠాణాకు, చెవుల డాక్టరు దగ్గరికి. ఈ సంగతి మామకు ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ చెప్పాను. ఆయన నా మీసం కింద శ్రద్ధగా చూసి, "ఆడ గూడ ఏడినీళ్ళు ఉంటయా సారూ?" అన్నాడు.