లెక్కల సారు కూడా చదవడం నేర్పాలి

తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ సంచాలకులకు,

2022లో మీరు ప్రాథమిక బడుల్లో ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలుపెట్టారు. పిల్లలు అక్షరాలు కూడబలుక్కుని చదవడానికి అది అవసరమే. ఆ మరుసటి ఏడాది ఉన్నత తరగతులకు ‘ఉన్నతి’ వచ్చింది. అయినా చదవడం నేర్పే పని తెలుగు, ఇంగ్లిష్ పీరియడ్లదేనన్న నమ్మకం మాత్రం బడిలో అలాగే ఉంది. ఆ నమ్మకం తప్పని చెప్పడానికే ఈ లేఖ. ఆరో తరగతి దాటాక పిల్లలు వెనకబడేది చాలావరకు లెక్కలు రాక కాదు, లెక్కలో రాసింది చదవలేక.

నిజామాబాద్ జిల్లాలోని మా వర్ని ప్రాంతానికి తగిన లెక్క ఒకటి చూడండి. ఎకరాకు 30 టన్నుల చొప్పున రెండున్నర ఎకరాల్లో చెరకు పండింది. ఐదో వంతు విత్తనానికి ఉంచి మిగతాది ఫ్యాక్టరీకి తోలితే ఎన్ని టన్నులు తోలినట్టు? (బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది, లెక్కలోనైనా నడవనిద్దాం.) ఇందులో గుణకారం, తీసివేత చిన్నవే. ‘చొప్పున’ అంటే గుణించాలని, ఐదో వంతు తీయాల్సింది మొత్తం 75 టన్నుల్లోంచని, ‘మిగతాది’ అంటే ఆ 15 పోగా ఉన్నదని పట్టుకోవడమే అసలు పని. అది పట్టుకోలేని పిల్లవాడు కనబడిన అంకెలన్నీ గుణించేస్తాడు. మనం వాడి చేత మళ్లీ ఎక్కాలు అప్పజెప్పిస్తాం. సైన్సులో చదివే తీరు వేరు: కిరణజన్య సంయోగక్రియ పాఠంలో కన్ను వాక్యం నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి వాక్యానికి తిరుగుతూ ఉండాలి. సాంఘికంలో ఏది కారణం, ఏది ఫలితం, ఈ మాట ఎవరు ఏ ఆధారంతో అన్నారు అని ఆగి అడగాలి. ఈ మూడు తీర్లూ తెలుగు సారు ఒక్కరే నేర్పలేరు, ఎందుకంటే ఆ పాఠాలు ఆయన చెప్పరు.

ప్రతి సబ్జెక్టు ఉపాధ్యాయుడూ చదవడం నేర్పాలనేది కొత్త వాదన కాదు. 1975లో బ్రిటన్‌లో భాషా బోధనపై వేసిన బుల్లక్ కమిటీ ఈ మాటే చెప్పింది. మన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా భాష అన్ని సబ్జెక్టుల్లోనూ ఉంటుందంది. మా నిజాంసాగర్ ఆయకట్టులో ఈ అవసరం మరింత ఎక్కువ. కాలువ నీళ్లకు కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబాల కోస్తా తెలుగు, తండాల్లో లంబాడాల గోర్‌బోలి, బోధన్ వైపు ఉర్దూ, సరిహద్దు ఊళ్లలో మరాఠీ. ఇంట్లో మాట్లాడే తెలుగు కూడా పుస్తకంలో తెలుగు కాదు. ఒకే తరగతిలో కూర్చున్న ఇంతమందికీ చేతికిచ్చే పుస్తకం మాత్రం ఒక్కటే.

సిలబస్సే పూర్తికావడం లేదు, ఇదెక్కడ చేసేదని ఉపాధ్యాయులు అంటారు. వాళ్ల బాధ నిజమే, అది తగ్గించడం మీ చేతిలోనే ఉంది. కానీ లెక్క బోర్డు మీద వేసే ముందు పిల్లల చేత రెండుసార్లు చదివించి, సొంత మాటల్లో చెప్పించడానికి ఐదు నిమిషాలు చాలు. అది లేకే అదే పాఠం మూడుసార్లు చెప్పాల్సి వస్తోంది. సారుకు గోర్‌బోలి రాదు కదా అన్న అభ్యంతరమూ ఉంది. రానక్కర లేదు. ఇద్దరు తండా పిల్లలు తమ భాషలో మాట్లాడుకుని, అర్థమైంది తెలుగులో చెబితే చాలు, వాళ్ల నోరు మనం మూయించకూడదు, అంతే. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఇక తెలుగెందుకనేది మూడో మాట. నిజానికి ఆ మార్పుతో మీరిచ్చిన ద్విభాషా పుస్తకాలే ఈ పనికి మంచి పనిముట్టు. ఒక వైపు తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్. విషయం తెలుగులో పట్టుకుని, అదే వాక్యం ఇంగ్లిష్‌లో ఎలా నడిచిందో చూసే అవకాశం ప్రైవేటు బడి పిల్లవాడికి కూడా అంత తేలిగ్గా దొరకదు. ఒక వైపు పేజీనే చదివిస్తే ఆ పుస్తకం సంచికి వట్టి బరువు.

అందుకే మీకు నా విన్నపం: స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో లెక్కల, సైన్సు, సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులకు తమ పాఠాన్ని ఎలా చదివించాలో చూపే ఒక పూట శిక్షణ పెట్టండి. ఉపన్యాసం వద్దు, ఒక పాఠం తీసుకుని చేసి చూపించండి. పరీక్షలో జవాబుకే కాక, ప్రశ్నను సొంత మాటల్లో రాసినందుకూ ఒక మార్కు ఇవ్వండి. ముందు వర్ని, బోధన్ మండలాల్లో మొదలుపెట్టి చూడండి.

ఇట్లు,
వర్ని నుంచి ఒక పాఠకుడు