తెలుగులో అడిగితే ఏం పోతుంది?

సూరత్‌లో సాంచాల మీద బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. (పుస్తకాల్లో మరమగ్గాలంటారు, మా ఇళ్లలో సాంచాలే.) నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. బ్యాంకు దరఖాస్తులు మాత్రం గుజరాతీ, హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటాయి. అందుకే పెద్దవాళ్లు ఆ కాగితాలు మా చేతికిచ్చి "సంతకం ఎక్కడ పెట్టాలె?" అని అడుగుతారు. ఏం రాసుందని అడిగేవాళ్లు తక్కువ.

రాసున్నదాంట్లో ఒక వాక్యం మాకు నచ్చదు. మన వివరాలు బ్యాంకు తన అనుబంధ సంస్థలతో పంచుకోవడానికి ఒప్పుకుంటున్నామని దాని అర్థం. బీమా, అప్పు అంటూ ఫోన్లు మొదలయ్యేది అక్కడే.

పంచుకోవడమంతా తప్పని మేము అనడం లేదు. 2005 నాటి చట్టం ప్రకారం అప్పుల వివరాలు క్రెడిట్ సమాచార సంస్థలకు ఇవ్వాల్సిందే, అది మన ఇష్టంతో పని లేనిది. దేశంలో అలాంటివి నాలుగున్నాయి. ఏడాదికొకసారి ప్రతి సంస్థ నుంచీ మన నివేదిక ఉచితంగా తీసుకోవచ్చు. మన పేరు మీద మనకు తెలియని అప్పుంటే అందులో బయటపడుతుంది.

అమ్మకాల కోసం పంచుకోవడం వేరు. ఖాతా తెరవడానికి ఇచ్చిన వివరాలను వేరే సరుకులు అమ్మడానికి వాడకూడదని రిజర్వు బ్యాంకే చెప్పింది. 2014లో అది ప్రకటించిన ఐదు ఖాతాదారుల హక్కుల్లో గోప్యత ఒకటి. ఒప్పుకుంటే తప్ప కుదరదన్నమాట. మరి చదవలేని భాషలో పెట్టిన సంతకం ఒప్పుకోలు ఎలా అవుతుంది?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దీనికి జవాబు చెప్పింది. సమ్మతి అడిగే కాగితాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి. వాటిలో తెలుగుంది. సమ్మతి ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, సంస్థలకు 18 నెలల గడువిచ్చారు. తమాషా ఏమిటంటే, 18 ఏళ్లు నిండని మా వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. వాళ్లకు ఆ కాగితం చదివి చెప్పేది మేమే!

గడువు తీరేదాకా ఆగడమెందుకు? తెలుగువాళ్లుండే వాడల్లోని శాఖలు ఆ ఒక్క పేజీని ఇప్పుడే తెలుగులో ఇవ్వొచ్చు. ఈలోగా మన ఇళ్లలో చేయగలిగింది ఒకటుంది. 1909కి ఫోన్ చేసి బ్యాంకు, బీమా ప్రచార కాల్స్ ఆపమని నమోదు చేసుకోవచ్చు. అయితే ముందే సమ్మతి ఇచ్చిన బ్యాంకుకు అది అడ్డు కాదు. శాఖకు వెళ్లి ఆ సమ్మతి రద్దు చేయమని రాసిచ్చి, అందినట్లు రసీదు తీసుకోవాలి. ఆ ఉత్తరం మేము రాసిపెడతాం.