వేవిళ్ళప్పటి నుంచీ అంతే

క్యాన్సర్ పరీక్షల శిబిరాలు పెట్టిస్తున్నామని మేం గర్వంగా చెప్పుకుంటూ ఉంటాం. జబ్బును ముందే పట్టుకోవాలన్నది సరైన మాటే. మరి ముందే పట్టుబడని వాళ్ళ సంగతేమిటి? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరాక బయటపడిన ఒక పొదుపు సంఘం సభ్యురాలి ఇంటికి రెండు నెలలు తిరిగాక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

పెద్దాస్పత్రి వాళ్ళు "ఇక చేసేదేం లేదు, తీసుకెళ్ళండి" అని మార్ఫిన్ మాత్రలిచ్చి పంపారు. ఆమె నన్ను బతికించమని అడగలేదు. "అక్కా, నొప్పికి మందిచ్చారు. ఈ డోకులకేమీ లేదా?" అంది. మంచినీళ్ళు తాగినా వాంతే. మాత్ర కూడా బయటికొచ్చేసేది, దాంతో నొప్పీ తిరిగొచ్చేది. ఇన్నేళ్ళు ఆ ఇంటికి వండిపెట్టిన మనిషి తాలింపు వాసన పడక పశువుల కొట్టం పక్కన మంచం వేయించుకుంది. "పెద్ద జబ్బాయె, వాంతులు కాకేం చేస్తాయి" అంది అత్తగారు. ఆవిడను అనుకోవడం ఎందుకు? నేను మాత్రం ఏం చేశాను? "కొంచెమైనా తినమ్మా, బలం ఉండాలి" అని బత్తాయిలు పట్టుకెళ్ళాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వేవిళ్ళప్పటి నుంచీ ఆడదాని వాంతిని ఎవరు పట్టించుకున్నారు గనక!

ఉపశమన చికిత్సలో శిక్షణ పొందిన ఒక నర్సు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "విరేచనం అయి ఎన్నాళ్ళయిందమ్మా?" తొమ్మిది రోజులు. మాలో ఒక్కరమూ ఆ మాట అడగలేదు.

వాంతికి ఒకటే కారణం ఉండదు. మార్ఫిన్ మొదలుపెట్టిన కొత్తలో వికారం చాలామందికి ఉంటుంది, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మలబద్ధకం అలా తగ్గదు. మొదటి రోజు నుంచే విరేచనం మందు తోడివ్వాలి. ముఖద్వార క్యాన్సర్ పెరిగి మూత్రనాళాలను నొక్కితే కిడ్నీలు పాడై, రక్తంలో మలినాలు పేరుకుని కడుపులో తిప్పుతుంది. అండాశయ క్యాన్సర్‌లో పేగు మూసుకుపోవచ్చు. పూర్తిగా మూసుకుపోయినప్పుడు పేగును కదిలించే మెటోక్లోప్రమైడ్ ఇస్తే మెలిపెట్టే నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. వాంతి అనగానే రాసే ఆన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధకాన్ని పెంచుతుంది. అందుకే ముందు కారణం వెతకాలి.

ఈమెకు పనిచేసినవి విరేచనం మందూ, రాత్రిపూట చిన్న మోతాదులో హాలోపెరిడాల్. ఖరీదైన మందేమీ కాదు. కానీ మానసిక జబ్బులకు వాడతారు కదా, మందుల షాపతను "ఇది పిచ్చికిచ్చేది" అన్నాడు. భర్త కొనకుండా తిరిగొచ్చాడు. అతనికి నచ్చజెప్పేసరికి రెండు రోజులు గడిచాయి. ఆ రెండు రోజుల్లో ఎన్ని వాంతులో ఆమెకే తెలుసు. మందు పడ్డాక గంజి నిలిచింది. మంచం వసారాలోకి మార్పించుకుంది. పోయేలోగా మూడు వారాలు కూతురితో కూర్చుని మాట్లాడుకోగలిగింది.

కాగితాల మీద లోటేమీ లేదు. ఉపశమన చికిత్సకు జాతీయ కార్యక్రమం 2012లో వచ్చింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి మార్ఫిన్ లైసెన్సుల చిక్కులు తగ్గించారు. హాలోపెరిడాల్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో, ఉపశమన చికిత్స కిందే ఉంది. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆస్పత్రిలో ఇందుకొక విభాగమూ ఉంది. అయితే మంచం దిగలేని మనిషి బస్సులో వాంతులు చేసుకుంటూ వాంతుల మందు కోసం రాజధానికి వెళ్ళాలా? మాత్ర నిలవకపోతే చర్మం కింద చిన్న సూదితో మందివ్వచ్చు. శిక్షణ ఉంటే నర్సు ఇంటికొచ్చి ఇవ్వగలదు.

అందుకే జిల్లా వైద్యాధికారికి ఇచ్చే వినతిపత్రంలో ఈసారి శిబిరాలతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మందులూ, నర్సులకు ఆ శిక్షణా అడుగుతున్నాం. మా కార్యకర్తల ఇంటింటి సర్వే ఫారంలో కూడా రెండు ప్రశ్నలు చేర్చాం: తిన్నది నిలుస్తోందా? విరేచనం అయి ఎన్నాళ్ళయింది?