సంచి మీది బొమ్మ చూసి విత్తనం కొనం, మరి ఫోన్ ఎందుకు గట్ల కొంటున్నం?

జర పొడుగు పోస్టు, ఓపిక చేసుకొని సాంతం చదువుండ్రి.

వడ్ల పైసలు ఖాతాల పడంగనే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజార్లల సెల్లు దుకాన్ల ముంగట మనోళ్లే కనబడుతరు. కొనుండ్రి, తప్పు లేదు. నాకు కోపం వచ్చేది కొనేటప్పుడు అడిగే ప్రశ్నలకు. కెమెరా ఎంత? వెనుక ఎన్ని కండ్లున్నయి? కిస్తీల మీద ఇస్తవా? గివే మూడు. లోపల ఏ సిస్టం ఉన్నది, అది ఇంకా ఎన్నేండ్లు నడుస్తది అని ఒక్కరు గూడ అడుగరు.

విత్తనం గిట్లనే కొంటున్నమా? పొలాస పరిశోధన స్థానంల సార్లను పట్టుకొని అడుగుతం. ఎన్ని రోజుల పంట? యాసంగికి పనికొస్తదా? గాలికి పడిపోతదా? సంచి మీది బొమ్మ చూసి కొన్నోన్ని ఊరంతా నవ్వుతది. ఫోన్ కాడికి వచ్చేసరికి అందరం బొమ్మ చూసే కొంటున్నం.

ముందుగాల నా తప్పు చెప్పుకుంట. 2012ల పసుపు అమ్మిన పైసలతోని ఒక టచ్ ఫోన్ కొన్న. దుకాను పేరు, కంపెనీ పేరు ఇప్పుడెందుకు, అడుగకుండ కొన్నది నేను. ఆండ్రాయిడ్ అన్నడు, ఆరు వేలు అన్నడు, తీసుకున్న. అప్పటికే ఆండ్రాయిడ్ 4 వచ్చి ఉన్నది, నా చేతుల పెట్టింది 2.3. ఆ తేడా ఏందో నాకు ఎనిమిదేండ్లకు గని తెలువలే.

మా తమ్ముడు దుబాయిల ఉంటడు. అక్కడ వాట్సాప్‌ల కాల్ కలువనియ్యరు, వాయిస్ మెసేజులే దిక్కు. రోజూ రాత్రి వాని మాట విన్నంకనే మా అమ్మ పండుకునేది. 2020 ఫిబ్రవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 2.3 ఫోన్లల్ల వాట్సాప్ బందయింది. ముందుగాలనే చెప్పిన్రట, ఇంగ్లీషుల వచ్చిన నోటీసు నేనెక్కడ చదివిన? పసుపు అమ్మినంక కొత్తది కొందాం తీయి అనుకున్న. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంబడే లాక్‌డౌన్. సెల్లు దుకాన్లు మూతపడ్డయి. పక్కింటోళ్ల ఫోన్ అడుగుదామంటే కరోనా భయానికి ఎవరి గడప ఎవరు తొక్కలే. వాడు అక్కడ క్యాంపుల, ఒక్క రూముల పది మందితోని. వారానికి ఒకసారి మామూలు ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసేటోడు.

అప్పుడు మా అమ్మ ఒక మాట అడిగింది. "ఫోన్ మంచిగనే ఉన్నది కద బిడ్డా, అద్దం గూడ పగుల్లేదు, మరి వాని మాటలెందుకు వస్తలేవు?"

గా ప్రశ్నకు జవాబే ఈ పోస్టు. ఫోన్ భూమి లెక్క, సిస్టం బోరు లెక్క, యాపులు పంట లెక్క. భూమి ఎంత మంచిదైనా బోరు ఎండితే పంట రాదు. నా ఫోన్ల భూమి మంచిగనే ఉండె, బోరు ఎండిపోయింది.

ఇది నా ఒక్కనికే అయిన పని కాదు. మొదటి నుంచి చూడుండ్రి.

2003ల నోకియా 1100 వచ్చింది. దుమ్ము పోకుండ బటన్ల మీద రబ్బరు, చెమట చెయ్యికి జారకుండ పక్కలు, నెత్తిన టార్చిలైటు. రాత్రి కరెంటుకు బాయి కాడికి పోయిన ప్రతి రైతుకు గా లైటు విలువ తెలుసు. ప్రపంచంల 25 కోట్లకు పైగ అమ్ముడుపోయింది. ఎందుకు? మనసోంటోళ్ల పని ఏందో చూసి ఆ పనికి తగ్గట్టు చేసిన్రు కాబట్టి.

నోకియాలనే సింబియన్ ఫోన్లు గూడ వచ్చినయి. చార్జింగు ఆగేది, కింద పడ్డా పలిగేది కాదు. కానీ 2011 ఫిబ్రవరిల నోకియానే సింబియన్‌ను పక్కన పెట్టి విండోస్ దిక్కు పోతున్నమని చెప్పింది. ఫోన్లు జేబులల్లనే ఉన్నయి, బోరు మాత్రం కంపెనీ బంద్ పెట్టింది. 2017 జూన్ 30తోని సింబియన్‌ల వాట్సాప్ గూడ పోయింది.

విండోస్ ఫోన్లు, అదే లూమియాలు, తక్కువ రేటుల గూడ సాఫీగ నడిచినయి. అయినా యాపులు చేసేటోళ్లు అటు దిక్కు చూడలే. నోకియా ఫోన్ల దందాను 2014ల కొన్న మైక్రోసాఫ్టే చివరికి చేతులెత్తింది. 2019 డిసెంబర్ 31న వాట్సాప్ బంద్, 2020 జనవరిల సిస్టమే బంద్.

ఐఫోన్ మన దేశానికి 2008 ఆగస్టుల వచ్చింది, రేటు 31 వేలు. అప్పటి ధరకు రెండు తులాల బంగారం వచ్చేది. మెమరీ కార్డు పెట్టరాదు, బ్యాటరీ మనం మార్చరాదు, రేడియో లేదు. మనకు పనికొచ్చేది కాదని అప్పుడు నేను గూడ నవ్విన. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలె. ఫోను, సిస్టం రెండూ చేసేది ఒక్క కంపెనీనే. అందుకే 2013ల వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిల గూడ భద్రత అప్‌డేట్ ఇచ్చిన్రు. దాదాపు పదేండ్లు!

ఆండ్రాయిడ్ కథ వేరు. 2008ల మొదటి ఫోన్ వచ్చింది. సిస్టం చేసేది గూగుల్, ఫోన్లు చేసేది ఎవరైనా. అందుకే రేటు దిగింది, మన చేతికి వచ్చింది. మొదట్ల తెలుగు అక్షరాల జాగల డబ్బాలు కనబడేవి, తెలుగు పేపర్ చదువుదామంటే ఒపేరా మినీల సెట్టింగు మార్చుకోవాల్సి వచ్చేది. అది తర్వాత సర్దుకున్నది. కానీ ఒక ముడి గట్లనే ఉండిపోయింది. గూగుల్ కొత్త సిస్టం ఇచ్చినా, దాన్ని మన ఫోన్ దాకా తెచ్చేది ఫోన్ కంపెనీ. కాలువల నీళ్లు వదులుతరు, తూము తీసేటోడు తియ్యకపోతే మన మడికి వస్తయా? గంతే.

2017ల జియో ఫోన్ వచ్చింది. 1,500 డిపాజిట్, బటన్లు, లోపల కైఓఎస్. అది ఫైర్‌ఫాక్స్ సిస్టం నుంచి పుట్టింది. ఆ ఫైర్‌ఫాక్స్ ఫోన్లు 2014ల రెండు వేలకే మన దేశంల అమ్మిన్రు, నడువక బందయినయి. కైఓఎస్ కొన్నేండ్లు మంచిగ నడిచింది, వాట్సాప్ గూడ వచ్చింది. ఆఖరుకు దానికీ వాట్సాప్ ఆగింది.

ఇన్ని చెప్పింది ఎందుకంటే, వీట్లల్ల ఏ ఫోనూ చెడ్డది కాదు. ఓడింది సిస్టం, మునిగింది కొన్నోళ్లు. నష్టం కంపెనీ లెక్కల ఒక గీత, మన ఇంట్ల ఒక పంట పైసలు.

"నీకెందుకే ముసలోడా, రెండేండ్లకోసారి కొత్తది కొంటె అయిపాయె" అంటరు పోరగాండ్లు. లెక్క చూద్దాం. పన్నెండు వేల ఫోన్ రెండేండ్లకు అప్‌డేట్ ఆగితే ఏడాదికి ఆరు వేలు. పద్దెనిమిది వేల ఫోన్ ఆరేండ్లు నడిస్తే ఏడాదికి మూడు వేలు. ఏది అగ్గువ? నేను ఏ కంపెనీకి ఏజెంటును కాదు, కానీ ఆరేండ్ల మాట గాలి మాట కాదు. 2024ల శాంసంగ్ ఏ16కు ఆరేండ్ల అప్‌డేట్లు ఇస్తమని కంపెనీ చెప్పింది. అంటే అడిగితే ఇచ్చేటోళ్లున్నరు, మనం అడుగుతలేం.

ఇంకో మాట. పాత సిస్టంల భద్రత అప్‌డేట్లు ఆగితే అది గొళ్లెం లేని తలుపు. పీఎం కిసాన్ పేరు మీద వాట్సాప్‌ల ఏపీకే ఫైళ్లు పంపి ఖాతాలు ఊడ్చేటోళ్లున్నరు. కొత్త ఫోనైనా మనమే తలుపు తీస్తే దొంగ లోపలికి వస్తడు. ఫైలు ఎవలు పంపినా నొక్కకుండ్రి. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యుండ్రి.

మరి ఏది కొనాలె? ముందు మీ పని చూసుకోండ్రి.

మోటర్ స్టార్టర్‌కు ఫోన్ కొట్టుడు, మాట్లాడుడు, రైతు కాల్ సెంటర్ 1800-180-1551ను అడుగుడు, గింతే పనైతే బటన్ ఫోన్ చాలు. అది చేతిల ఉంటె చిన్నతనం కాదు. *99# కొడితే బ్యాంకు పని గూడ అయితది.

గల్ఫుల మనిషి ఉన్నా, భివండిల మగ్గం కాడ కొడుకు ఉన్నా, బ్యాంకు యాపు వాడినా టచ్ ఫోన్ కావాలె. అప్పుడు దుకాన్ల మూడు ప్రశ్నలు అడుగుండ్రి. ఆండ్రాయిడ్ ఎన్నో నంబరు? భద్రత అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తరు? ఈ మోడల్ ఎప్పుడు వచ్చింది? చెప్పకపోతే సెట్టింగ్స్‌ల ఫోన్ వివరాలు తెరిచి, చివరి భద్రత అప్‌డేట్ తారీకు మీరే చూడుండ్రి. సెకండ్ హ్యాండ్‌దైతే తప్పకుండ చూడాలె. పాత సరుకైతే ఆడనే పెట్టి రండ్రి.

ఆఖరి మాట సర్కారోళ్లకు. 2025ల సీసీఐ పత్తి కొనుగోలుకు కపాస్ కిసాన్ యాప్ పెట్టింది. రిజిస్ట్రేషన్ అండ్లనే, స్లాట్ అండ్లనే. సిరిసిల్ల దిక్కు రెండెకరాల పత్తి పెట్టిన ముసలమ్మ బటన్ ఫోన్ పట్టుకొని ఎక్కడికి పోవాలె? పీఎం కిసాన్ కేవైసీకి ఓటీపీ ఉన్నది, వేలిముద్ర ఉన్నది, మొఖం చూపెట్టేది ఉన్నది. మూడు తొవ్వలు అక్కడ పెట్టగలిగినోళ్లు ఇక్కడ ఒక్కటే తొవ్వ ఎందుకు పెట్టిన్రు? యాపు పెట్టుండ్రి, వద్దంటలేం. అది ఏ సిస్టం నుంచి నడుస్తదో పంచాయతీ గోడ మీద తెలుగుల రాయుండ్రి. ఫోన్ లేనోళ్లకు మనిషి కూసున్న ఒక కౌంటర్ పెట్టుండ్రి. రైతు పండించినందుకు మద్దతు ధర ఇయ్యాలె గని, ఫోన్ కొన్నందుకు కాదు.

మా అమ్మకు ఆ ఏడు ఎండకాలంల దుకాన్లు తెరిచినంక కొత్త ఫోన్ తెచ్చిన. మొదటి మెసేజుల తమ్ముడు "అవ్వా, మంచిగున్నవా" అన్నడు. ఆమె గా ఒక్క ముక్కనే నాలుగు సార్లు వినిపించుకున్నది. పాత ఫోన్ ఇంకా అల్మారిల ఉన్నది. అద్దం ఇయ్యాల్టికి పగుల్లేదు.

మీ ఫోన్ల ఆండ్రాయిడ్ ఎంత, చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో ఇప్పుడే చూసి కింద రాయుండ్రి. ఎవల బోరుల ఎన్ని నీళ్లున్నయో అందరం తెలుసుకుందాం.