అద్దాలు అదరడం కాదండీ, మాట వినబడాలి!

హోమ్ థియేటర్ బావుందో లేదో తేల్చడానికి మా తాటిపాక వైపు ఒకటే పరీక్ష. పాట పెడితే కిటికీ అద్దాలు అదరాలి. అదిరితే డబ్బులు దండగ కానట్టే. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన అన్నయ్యలు కొన్నా, కొబ్బరి డబ్బులతో బాబాయిలు కొన్నా లెక్క ఇదే: టీవీ గోడంత, ఊఫర్ బస్తా అంత. ఈ పరీక్షే తప్పని నా వాదన. కొనేటప్పుడు టీవీ సైజు కన్నా ముందు దాని వెనక పెట్టే వైరు చూడాలి. ఊఫర్ కన్నా ముందు డైలాగ్ చూడాలి.

ముందు బొమ్మ సంగతి. 4కె టీవీ వస్తుంది. సెట్‌టాప్ బాక్సుకి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు తగిలించేసి కేబుల్ అబ్బాయి వెళ్ళిపోతాడు. బొమ్మ వచ్చేది ఆ పసుపు వైరులో. దాన్ని కాంపోజిట్ అంటారు. వెలుగు, రంగు అన్నీ కలిపి ఒక్క తీగలో కుక్కేస్తారు. మన పాల్ పద్ధతిలో అందులోంచి వచ్చే గీతలు 576. మీ టీవీలో ఉన్నవి 2160. మిగతావి టీవీయే ఊహించి నింపుకోవాలి. పంట కాలవని బొప్పాయి కాడలోంచి పారించినట్టన్న మాట! పాత డీవీడీ ప్లేయర్ల వెనక ఉండే ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపోనెంట్ వైర్లు నయం. అవి వెలుగునీ రంగునీ విడదీసి పంపుతాయి, హెచ్‌డీ కూడా మోస్తాయి.

ఇప్పుడైతే హెచ్‌డీఎంఐ ఉంది. బొమ్మా, శబ్దం రెండూ ఒకే వైరులో డిజిటల్‌గా వస్తాయి. బాక్సు వెనక ఆ సాకెట్ ఉంటే వైరు మార్చండి, సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ కూడా మార్చండి. అయితే ఎస్‌డీ చానల్ ఏ వైరులో వచ్చినా ఎస్‌డీయే. బంగారు పూత వైరు కొంటే రంగులు పెరుగుతాయని షాపులో చెబితే నమ్మకండి. బిట్లు సరిగ్గా చేరాయంటే రెండు వైర్లలోనూ బొమ్మ ఒకటే. 4కె బొమ్మ సెకనుకి 60 ఫ్రేములతో రావాలంటే 18 గిగాబిట్లు పట్టే వైరు కావాలి. 'ప్రీమియం హై స్పీడ్' లేబుల్ ఉంటే చాలు. ప్రొజెక్టర్ దాకా పది మీటర్లు లాగాలంటే మాత్రం ఆప్టికల్ రకం తీసుకోవాలి. కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళు గోడలో వేసే పైపు, వైరు తలకాయ దూరేంత వెడల్పు వేయించుకోండి. స్లాబు పడ్డాక బాధపడి లాభం లేదు.

ఇక అసలు గొడవ శబ్దంతో. 5.1 మిక్స్‌లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లోకే వస్తాయి. మనవాళ్ళు కొనే చవక సెట్ మీద 5.1 అనే రాసుంటుంది. కానీ టీవీ హెడ్‌ఫోన్ సాకెట్‌లోంచి ఒక వైరు లాగి పెడతారు. అందులో పట్టేది రెండు చానళ్ళే! పెట్టెలు అయిదు, ఊఫర్ ఒకటి, లోపలికొచ్చే శబ్దాలు రెండు. అందుకే ఫైటింగ్ ఊరంతా వినబడుతుంది, పక్కన కూర్చున్న నానమ్మకి డైలాగ్ వినబడదు. కొనేముందు సెట్ వెనక చూడండి. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ గానీ, కనీసం ఆప్టికల్ గానీ ఉండాలి. ఏఆర్‌సీ 2009 నుంచీ ఉంది, కొత్త వింతేం కాదు. టీవీలో ఆ పేరు రాసున్న సాకెట్‌కే తగిలించాలి. డబ్బు తక్కువైతే పేరుకి 5.1 కన్నా, మధ్య స్పీకర్ ఉన్న 3.1 సౌండ్‌బార్ మేలు.

2018లో వచ్చిన 'రంగస్థలం' తీసుకోండి. దర్శకుడు సుకుమార్‌ది మా రాజోలు దగ్గర మట్టపర్రు. కథ గోదావరి పల్లెది. హీరో చిట్టిబాబుకి చెవులు సరిగా వినబడవు. శబ్దాలన్నిటినీ కలిపి తూకం వేసిన ఎం.ఆర్. రాజాకృష్ణన్‌కి జాతీయ అవార్డు వచ్చింది. మనవాడు తీశాడు, మన యాసలో తీశాడు, దాని శబ్దానికి దేశమే బహుమతిచ్చింది. అదంతా మన హాల్లోకొచ్చేసరికి ఊఫర్ మింగేస్తోంది!

దీనికి గదిది కూడా సగం పాపం. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో మాట నాలుగు సార్లు తిరిగొస్తుంది. మందం పరదా, నేల మీద బొంత వేస్తే తేడా మీకే తెలుస్తుంది. ముందు స్పీకర్లు మధ్య నుంచి చెరో 30 డిగ్రీలు, వెనకవి 110 డిగ్రీల దగ్గర, చెవి ఎత్తులో ఉంటే మంచిది. నాలుగూ తీసుకెళ్ళి షోకేస్ మీద పేర్చకండి. మన ఉప్పుగాలికి సాకెట్లలో చిలుము పడుతుంది, అప్పుడప్పుడు ఊడదీసి చూడండి. ఉరుములొస్తే ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా పీకాలి. స్పైక్ గార్డ్ పిడుగుని ఆపలేదు.

"ఇంత తతంగం ఎందుకు, ఫోన్లో చూసుకుంటాం కదా" అంటారేమో. చూసుకుంటాం, ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. హాల్లో టీవీ మనకన్నా మన పెద్దాళ్ళకే ఎక్కువ అవసరం. మెట్లెక్కి థియేటర్‌కి వెళ్ళలేనివాళ్ళకి మిగిలిన వెండితెర అదొక్కటే. ఏ బ్రాంచి వాళ్ళమైనా సిగ్నల్ అంటే ఏంటో తెలిసినవాళ్ళమే. ఈ సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు రిమోట్ పట్టుకునే ముందు ఒకసారి టీవీ వెనక్కి వెళ్ళి చూడండి. పసుపు వైరు కనబడితే ఏం చెయ్యాలో మీకు తెలుసు.