నాలుగు భాషల్లో మన వైడూర్యం

సింగపూర్‌లో ఏ ఎమ్మార్టీ స్టేషన్‌కి వెళ్ళినా హెచ్చరిక బోర్డుల మీద ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం కనిపిస్తాయి. ఇక్కడి అధికార భాషలు ఆ నాలుగే. తెలుగుకి అక్కడ చోటు లేదు. బడిలో కూడా మన పిల్లలు మాతృభాష పాఠంగా తమిళమో హిందీయో మరో భాషో తీసుకోవాల్సిందే. కానీ మన అమ్మమ్మలకి బాగా తెలిసిన ఒక రత్నం పేరు మాత్రం ఈ నాలుగు భాషల్లోనూ ఉందండీ. అదే వైడూర్యం. ఈ నెల దాని సంగతి చెప్పుకుందాం.

కథల్లో రాజుగారి ఖజానా అనగానే "వజ్రవైడూర్యాలు" అని జంటగా అనేస్తాం. వజ్రం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. వైడూర్యం ఎలా ఉంటుందంటే చాలామంది ఆలోచనలో పడతారు. నవరత్నాల్లో కేతువుకి చెప్పే రాయి ఇది. తేనె రంగులోనో, పసుపు కలిసిన ఆకుపచ్చలోనో ఉంటుంది. రాయిని కదిపితే పిల్లి కంటిపాపలా ఒక వెలుగు గీత అటూ ఇటూ జరుగుతుంది. లోపల ఒకే దిక్కుగా పేర్చినట్టున్న సన్నని సూదుల్లాంటి స్ఫటికాల మీద వెలుతురు పడి అలా మెరుస్తుంది. పట్టుచీర మడత మీద మెరుపు జరిగినట్టే. అందుకే దీన్ని ఇంగ్లీషులో క్యాట్స్ ఐ అంటారు.

ఇక పేరు. విదూర అనే చోటి నుంచి వచ్చింది కాబట్టి వైడూర్యం అన్నాడు పాణిని. దీని మీద పతంజలి మహాభాష్యంలో ఒక చర్చ ఉంది. ఈ రాయి పుట్టేది వాలవాయ పర్వతంలో, విదూరలో జరిగేది సానపట్టడమే కదా, మరి ఆ పేరెలా వచ్చిందని. పాళీ భాషలో ఇదే మాట వేళురియ. దీని మూలం దక్షిణాదిలోని వేలూరు లాంటి ఊరి పేరని కొందరు భాషావేత్తలు అంటారు.

ఈ వేళురియే ఓడలెక్కి గ్రీకులో బేరుల్లోస్, లాటిన్‌లో బెరిల్లుస్, ఇంగ్లీషులో బెరిల్ అయింది. మనం పదో తరగతిలో బట్టీ పట్టిన 4వ మూలకం బెరీలియం పేరు అందులోంచి వచ్చిందే. జర్మనీలో ఉన్న మనవాళ్ళు కళ్ళజోడుని బ్రిల్లె అంటారు కదా, అదీ ఈ మాటే. ఒకప్పుడు అక్కడ చదువుకునే అద్దాలకి బెరిల్ లాంటి తేట రాళ్ళు వాడేవారు.

తూర్పు వైపు వెళ్తే తమిళంలో వైడూరియం. అర్థం మనదే, పిల్లికన్ను రాయి. మలయ్‌లో బైదూరి. కానీ వాళ్ళకి అది ఓపల్, రంగురంగులుగా మెరిసే రాయి. చైనీస్‌లోకి బౌద్ధంతో వెళ్ళి లియూలి అయింది. ఇప్పుడు ఆ మాటకి రంగు గాజు, నిగనిగలాడే పింగాణీ పూత అని అర్థం. గుళ్ళ కప్పు మీద మెరిసే పెంకుల్ని కూడా లియూలి పెంకులనే అంటారు. చైనా గుళ్ళలో పూజలందుకునే వైద్య బుద్ధుడి సంస్కృత నామం భైషజ్యగురు వైడూర్యప్రభుడు. అక్కడ వైడూర్యమంటే ముదురు నీలం రాయి.

చూశారా, పేరు ఒక్కటే, రాళ్ళు మాత్రం వేరు. మన వైడూర్యానికి రసాయన శాస్త్రంలో పేరు క్రిసోబెరిల్. అంటే బంగారు బెరిల్. నిజానికి అది బెరిల్ కాదు. రెండింటిలోనూ బెరీలియం ఉంటుంది కానీ బెరిల్‌లో సిలికా ఉంటుంది, క్రిసోబెరిల్‌లో ఉండదు. అయినా ఆ పేరు విప్పితే బంగారు వైడూర్యమనే అర్థం. ప్రపంచమంతా తిరిగిన మాట చివరికి మన రాయి దగ్గరికే వచ్చింది. మన విశాఖ ఏజెన్సీ ప్రాంతంలోనూ క్రిసోబెరిల్ దొరుకుతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఊళ్ళో పెద్దవాళ్ళ మాట మీద ఇక్కడి నుంచి వైడూర్యం ఉంగరం కొని పంపేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. క్యాట్స్ ఐ అని అడిగితే క్వార్ట్జ్ ఇవ్వచ్చు, గాజుపోగులతో చేసినదీ ఇవ్వచ్చు. గాజు దాంట్లో గీత మరీ తీరుగా, గీసినట్టుంటుంది. మన దేశంలో స్ఫటికానికి రంగు వేసి బెరిల్‌గా అమ్ముతున్నారని రోమన్ రచయిత ప్లినీ 1వ శతాబ్దంలోనే రాశాడు!

కాబట్టి బిల్లు మీద క్రిసోబెరిల్ అని రాయించుకోండి. ఖరీదైనదైతే రత్నాల ల్యాబ్ రిపోర్టు అడగండి. కాఠిన్యంలో క్వార్ట్జ్ 7, క్రిసోబెరిల్ 8.5. సైజు ఒకటే అయినా క్వార్ట్జ్ కంటే క్రిసోబెరిల్ దాదాపు 1.4 రెట్లు బరువుంటుంది. రోజూ పెట్టుకునే ఉంగరం గీతలు పడకుండా ఉండాలన్నా ఈ తేడా తెలియాలి. నమ్మకం ఎవరిది వాళ్ళదే, కానీ డబ్బు పెట్టేది రాయికి కదా.

పిల్లలు వైడూర్యాన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగితే రెండు జవాబులూ చెప్పండి. రాయి అయితే క్రిసోబెరిల్, మాట అయితే బెరిల్. పుట్టిన కొండ ఒకటి, సానపట్టిన ఊరు ఒకటి అన్న పతంజలి చర్చ కూడా చెప్పండి. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకి అది బాగానే అర్థమవుతుంది.

వచ్చే నెల ఇంకో మాటతో కలుద్దాం.