చైనాలో భోజనం: మజ్బూరీ అనే సాకు

గత ఇరవై ఏళ్ళలో మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వైద్యవిద్య కోసం చైనా వెళ్ళిన పిల్లల్లో ముస్లిం కుటుంబాల వారూ ఉన్నారు. యీవూ, గువాంగ్‌జౌ బజార్లకు సరకు కోసం వెళ్ళే వర్తక సోదరుల సంగతి సరేసరి. తిరిగి వచ్చినవారిని భోజనం విషయం అడిగితే రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. "హజ్రత్, అక్కడ మనం తినగలిగేది ఏమీ లేదు, ఊరగాయతో, బిస్కెట్లతో రోజులు గడిపాం" అనేది ఒకటి. "ఏం చేస్తాం, మజ్బూరీ, దొరికింది తిన్నాం" అనేది రెండవది. మొదటివారిని చూస్తే జాలి కలుగుతుంది. రెండవవారి మాటను మాత్రం అంత తేలిగ్గా వదలడానికి వీల్లేదు.

షరీఅత్‌లో మజ్బూరీకి ఒక హద్దు ఉంది. ప్రాణం మీదికి వచ్చిన ఆకలి వేరు, రెండు వీధులు నడవడానికి బద్ధకం వేరు. చైనాలో హుయీ ముస్లింలే కోటికి పైగా ఉన్నారు. వీగర్, సలార్ వంటి ముస్లిం జాతులు వీరు కాక. ఇలాంటి దేశంలోని పెద్ద నగరాల్లో హలాల్ భోజనం దొరకలేదంటే వెతకలేదనే అర్థం చేసుకోవాలి.

వెతకడానికి ముందు ఒక మాట నేర్చుకోవాలి. అది 'ఛింగ్‌జెన్'. ఛింగ్ అంటే నిర్మలం, జెన్ అంటే సత్యం. మనం హలాల్ అనేదాన్ని వారు ఈ మాటతో చెబుతారు. మస్జిద్‌ను కూడా ఇదే మాటతో 'ఛింగ్‌జెన్ స్స' అంటారు. హోటలుకు, మస్జిదుకు ఒకే పేరు పెట్టుకున్న ఆ ప్రజలు అన్నం విషయాన్ని ఎక్కడ ఉంచారో చూడండి! బయలుదేరే ముందే ఆ రెండు అక్షరాలను కాగితం మీద రాయించుకుని, కంటికి అలవాటు చేసుకోవాలి. అరబీ అక్షరాలను చూసి గుర్తుపడదామనుకుంటే ఇప్పుడు కుదరకపోవచ్చు. 2019లో బీజింగులో హలాల్ హోటళ్ళ బోర్డుల మీది అరబీ అక్షరాలను తీసివేయమని అధికారులు ఆదేశించారు. ఏ అపచారమూ చేయని రొట్టెల దుకాణం బోర్డు ఎవరికి అడ్డం వచ్చిందో అర్థం కాదు. అక్షరాలు పోయినంత మాత్రాన ఆ వంటగది మారిపోలేదు. కాబట్టి లోపలికి వెళ్ళి అడగాలి. అదీ తెలియకపోతే మస్జిద్ ఎక్కడో కనుక్కోవాలి. బీజింగులో న్యూజియే వీధి అయినా, షియాన్‌లో పెద్ద మస్జిద్ చుట్టుపక్కల సందులైనా, మస్జిద్ ఉన్నచోట భోజనం కూడా ఉంటుంది.

అందరికీ అందుబాటులో ఉండేది లాన్‌జౌ నూడుల్స్ దుకాణం. మా బావోజి అనే హుయీ ముస్లిం 1915లో లాన్‌జౌలో ఈ వంటకానికి పేరు తెచ్చాడని చెబుతారు. ఇవాళ దూరపు నగరాల్లోని ఇలాంటి దుకాణాలు చాలావరకు ఛింగ్‌హై రాష్ట్రం హువాలోంగ్ ప్రాంతపు ముస్లింలవి. మీ కళ్ళ ముందే పిండిని సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీసి వెంట్రుకంత సన్నగానో, బెల్టంత వెడల్పుగానో మీరు అడిగినట్టు తీస్తారు. తేటైన గొడ్డుమాంసపు షోర్బా, తెల్ల ముల్లంగి ముక్కలు, ఎర్ర మిరపనూనె, పచ్చి కొత్తిమీర, పసుపువన్నె నూడుల్స్. మన నాలుకకు ఇందులో పరాయిది ఏముంది? షియాన్‌లో అయితే గట్టి రొట్టెను, ఖాళీ గిన్నెను మన ముందు పెడతారు. రొట్టెను మన చేత్తోనే శనగగింజంత ముక్కలుగా తుంచి ఇస్తే, వంటవాడు దాన్ని మాంసపు షోర్బాలో ఉడికించి తెస్తాడు. దైవప్రవక్త (స) ఇష్టపడిన సరీద్ గురించి మదరసాలో చదువుకున్నవారికి ఆ గిన్నె కొత్తగా అనిపించదు. వీగర్ల హోటల్లో 'పోలో' అని తెచ్చేది మన పలావుకు చుట్టమే. అన్నట్టు, మన బళ్ళ మీది గోబీ మంచూరియాను అక్కడ అడగకండి. అది చైనావారికి తెలియని చైనా వంటకం!

అసలు ప్రమాదం మామూలు హోటళ్ళలో ఉంది. అక్కడ ఉత్త 'రౌ' అంటే, అంటే మాంసం అంటే, పంది మాంసమే. గొడ్డుమాంసమైతే 'న్యూరౌ' అని, గొర్రె మాంసమైతే 'యాంగ్‌రౌ' అని విడిగా చెప్పాలి. "మేము కూరగాయలే తిన్నాం కదా" అనేవారు గమనించాలి. టోఫూ, వంకాయ కూరల్లో పంది కైమా పడటం మామూలు. ఆకుకూరను పందికొవ్వులో వేయించడం కూడా ఉంది. వంటలో సారా వాడకం సరేసరి. సంశయాస్పదమైనదానికి దూరంగా ఉండమన్న హదీసు ఇలాంటి చోట్లకే కదా.

ఇక మనవారిలో కొందరికి "వాళ్ళు పామును, తేలును అన్నీ తింటారు" అని నవ్వే అలవాటు ఉంది. ఆ నవ్వు హుయీ వంటవాడి దగ్గర చెల్లదు. బయటి తిండిని మూటగట్టి తెచ్చినా గడప దాటనివ్వని దుకాణాలు అక్కడ ఉన్నాయి. చుట్టూ పంది మాంసం తినే సమాజంలో శతాబ్దాలుగా తన పొయ్యిని కాపాడుకున్నవాడు అతను. చుట్టూ హలాల్ దుకాణాలున్న పేటల్లో పెరిగిన మనం ఆరు నెలలకే మజ్బూరీ అనడం అతనికి వింతగా తోస్తుంది.

ఛింగ్‌జెన్ బోర్డు ఉన్న కొన్నిచోట్ల బీరు సీసాలు కూడా కనిపిస్తాయి. ఇది నిజం, దాచడం దేనికి? మాంసం హలాలా కాదా అనేది ఒక ప్రశ్న, మద్యం తిరిగే బల్ల దగ్గర కూర్చోవచ్చా అనేది మరో ప్రశ్న. నా ఉద్దేశంలో లేచి పక్క దుకాణానికి వెళ్ళడమే మేలు.

వర్తకులకు మరో చిక్కు ఉంది. సరకు అమ్మే ఆసామి విందుకు పిలుస్తాడు, గుండ్రటి బల్ల, మధ్యలో తిరిగే పళ్ళెం, చిన్న గ్లాసుల్లో సారా. కాదంటే బేరం చెడుతుందని మనవాడు భయపడతాడు. ముందుగానే "నేను ముస్లింను" అని చెప్పి, ఛింగ్‌జెన్ హోటలు మీరే సూచిస్తే చాలామంది సంతోషంగా అక్కడికే వస్తారు. గ్లాసు ఎత్తే వేళకు తేనీటి కప్పు ఎత్తవచ్చు. 'యీ చా దై జ్యూ', సారాకు బదులు తేనీరు, అనే మాట చైనావారి సొంత మర్యాదల్లోనే ఎప్పటినుంచో ఉంది.